తెగిపోయిన ‘కు’

నమోదు 1

బంగారమ్మప్ప కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఈ ఉదయం తెలివి వచ్చింది. నేను వెళ్తే నా వంక ఒకసారి చూసి మొహం గోడవైపు తిప్పుకుంది.

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. ఇయర్‌బడ్స్‌లో మాట తెగుతోందని చెప్పినవాళ్ళు, అవి బాగయ్యేదాకా ఏ రోజు ఏం చేశారో రాసి చూపించాలని సముద్రం మధ్య గాలిమరలు పాతిన ఈ గాలితిప్ప మీద రూలు. మేస్త్రి కూర్మారావుకు చూపించేది రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఇది నా కోసం.

ఏడో మర ఆపి అప్ప పైకెక్కింది. రెక్కలు కలిసే గూట్లో పళ్ళచక్రాల మధ్య సముద్రపు ఉప్పు పేరుకుంటుంది. దాన్ని గీకి గ్రీజు పెట్టాలి. కింద క్యాబిన్‌లో బ్రేకు దగ్గర నేనున్నాను. మిగతా మరలన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఆ హోరులో పక్కన నిలబడి అరిచినా వినిపించదు. ఈ తిప్ప మీద పుట్టిన పిల్లలకు తల్లి గొంతు అంటే బడ్స్‌లో వినిపించే గొంతే.

అప్ప “బ్రేకు వదిలీకు” అంది. నాకు “బ్రేకు వదిలీ” అని వినిపించింది. ఆ వెంటనే చిటపటమని రెండు ముక్కలు, తర్వాత ఏమీ లేదు. నేను వదిలాను.

మన మాటల్లో వద్దనేది చివర్లో ఉంటుంది. తోక తెగితే వద్దన్నది కాస్తా చెయ్యమన్నట్టు అయిపోతుంది.

విచారణ మేస్త్రే చేశాడు. అందరినీ భోజనశాలలో నిలబెట్టి నా బడ్స్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “సెవుల్లో గుబిలి తీసుకోడం రాదు గానీ, బ్రేకు కావాల ఈయమ్మకి” అన్నాడు. కొందరు నవ్వారు. నన్ను పనిలోంచి తప్పించి, ఆగిపోయిన ఏడో మరకు కాపలా వేశాడు. సరుకుల పడవ వచ్చేలోగా బడ్స్ బాగుచేసుకుని చూపించకపోతే తప్పు నాదేనని ముద్ర వేసి ఒడ్డుకు పంపించేస్తాడు. ఆ ముద్ర పడ్డవాళ్ళకు ఏ తిప్ప మీదా పని దొరకదు.

నా తప్పే అయితే ఆ ముద్ర నా నుదుటి మీద నేనే వేసుకుంటాను. ముందు ఎవరి తప్పో తెలియాలి.

నమోదు 2

బడ్స్ జాలీలు దూదితో తుడిచాను. సన్నబ్రష్షుతో గీకాను. గుబిలి లేదు, గుబిలి తాలూకు పొట్టు కూడా లేదు. మేస్త్రి అన్న మాట అబద్ధం. నవ్వినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకున్నాను.

ఛార్జింగ్ నిండుగా ఉంది. ఫోన్‌లో బ్యాటరీ మిగిల్చే ఏర్పాటు ఉంటే మాట తెగుతుందంటారు. దాన్ని తీసేశాను. ఫోన్ వెనక జేబులో ఉంటే ఒళ్ళు అడ్డం పడి సిగ్నల్ అందదంటారు. ముందు జేబులోకి మార్చాను. పాట పెట్టుకుని ఏడో మర చుట్టూ నడిచాను.

చరణం మొదట్లోనే తెగింది. గుటకలు వేస్తున్నట్టు పాడింది, మళ్ళీ అతుక్కుంది, మళ్ళీ తెగింది.

ఫోన్‌లో బడ్స్ పేరు చెరిపేసి కొత్తగా జత చేశాను. కాసేపు శుభ్రంగా వచ్చింది. సంతోషంతో ఒళ్ళు వేడెక్కింది. మేస్త్రి ఆఫీసు ముందు నుంచి వెళ్తుంటే మళ్ళీ అదే తంతు.

నమోదు 3

వంటాయన సూరప్పడు మంచివాడు. భోజనశాలలో అందరూ తినిపోయాక నాకు గంజి పోసి ఎదురుగా కూర్చుంటాడు. ఇవాళ అతన్ని ఒక సాయం అడిగాను.

“నీ ఫోను కాసేపు ఇత్తావా బావా?”

“ఎందుకే?”

“నా బడ్స్ నీ ఫోనుకి కడతాను. నీ బడ్స్ నా ఫోనుకి కడతాను. దొంగెవుడో తేలిపోద్ది.”

“సూసుకో. దాంట్లో మా యమ్మ మాటలున్నాయి, సెరిపీకు.”

అతని ఫోన్‌తో నా బడ్స్ పెట్టుకుంటే పాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. నా ఫోన్‌తో అతని బడ్స్ పెట్టుకుంటే గుక్క తిప్పుకోకుండా వచ్చింది. ఫోన్‌లో దోషం లేదు. దోషం నా బడ్స్‌లో ఉంది.

ఇక మిగిలింది ఒక్కటే. బడ్స్ డబ్బా అడుగున మీట చాలాసేపు నొక్కి పట్టుకుంటే, అవి ఎవరితో జతకట్టాయో అన్నీ మర్చిపోయి కొత్తగా కొన్నప్పటిలా అయిపోతాయి. అదీ చేశాను. రూలు ప్రకారం పని దిగగానే బడ్స్ మేస్త్రి గదిలో ఛార్జింగ్ పెట్టెలో అప్పగించాలి. అప్పగించాను.

నమోదు 4

ఉదయం మేస్త్రి చేతి నుంచి బడ్స్ తీసుకుని పెట్టుకున్నాను. మొదటి మాటకే తెగింది.

సాయంత్రం మళ్ళీ మొత్తం చెరిపేశాను. కానీ అప్పగించలేదు. పెట్టెలో ఖాళీ డబ్బా పెట్టి బడ్స్ నా రవికలో దోపుకున్నాను.

నమోదు 5

తెల్లారిన దగ్గర్నుంచీ ఒక్క ముక్క తెగలేదు. మేస్త్రి ఆఫీసు ముందు కావాలనే నడిచాను, నిలబడ్డాను, తిరిగి వచ్చాను. సూరప్పడు ఆ చివరి నుంచి మాట్లాడితే పోపులో ఆవాలు చిటపటలాడడం కూడా వినిపించింది.

నా బడ్స్ పాడవలేదు. పాడవలేదంటే, ఆ గదిలో వాటికి ఎవరో ఏదో చేస్తున్నారన్నమాట.

సాయంత్రం వాటిని మామూలుగా అప్పగించాను. నేను ఊరికే చూస్తున్నాను, అంతే.

నమోదు 6

తెలిసిపోయింది.

ఏడో మర మెట్ల మీద కూర్చుని పాట పెట్టుకున్నాను. అక్కణ్ణుంచి మేస్త్రి ఆఫీసు కిటికీ కనబడుతుంది. పాట తెగుతూ వస్తోంది. ఉన్నట్టుండి పాట పూర్తిగా ఆగిపోయి నా చెవుల్లో ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది.

“తాతా! నాను బడికెల్లలేదు. నువ్వెప్పుడొత్తావు తాతా?”

వెనక ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. నేను తల ఎత్తాను. కిటికీలో కూర్మారావు తన ఫోన్ చూసుకుంటూ నవ్వుతున్నాడు. నవ్వుతున్నవాడు కాస్తా ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకున్నాడు, తట్టాడు, బొమ్మ కదులుతున్నా తనకు శబ్దం రావడం లేదని చిరాకుపడ్డాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు గబగబా నొక్కాడు. నా చెవుల్లో పిల్ల గొంతు ఆగిపోయి పాట తిరిగొచ్చింది.

నా బడ్స్ రెండు ఫోన్లకు కట్టి ఉన్నాయి. ఒకటి నాది, రెండోది ఆయనది. ఆయన మనవరాలి మాట దారి తప్పి నా చెవుల్లోకి వచ్చింది. నా బడ్స్‌లో ఉన్న మైకు నుంచి నా మాటలు ఇన్నాళ్ళూ ఆయన చెవుల్లోకి వెళ్తున్నాయి. ఆయన వినడానికి లాక్కున్నప్పుడల్లా నా ఫోన్ మాట తెగింది.

తుఫాను రోజుల్లో పైకి ఎక్కబోమని మేం ఆడవాళ్ళం అందరం అనుకుంటున్నాం. ఆ మాటలు ఆయనకు ఎలా తెలుస్తున్నాయా అని తలలు బద్దలు కొట్టుకున్నాం. ఒకరినొకరు అనుమానించుకున్నాం కూడా.

కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల గొంతు ముద్దుగా ఉంది. ఆ తాత రెండు చేతులతో ఆ పిల్లను ఎత్తుకుంటాడు. నాకు మొదటిసారి మనిషిని చంపాలనిపించింది. అనిపించిందని రాసుకోవడానికి సిగ్గుపడడం లేదు.

నమోదు 7

ఒడ్డున ఉన్న పెద్దాఫీసుకు చెప్పుకుంటే? ఎవరు నమ్ముతారు? ఆయన ఒక్కసారి నొక్కితే నా బడ్స్‌లో ఆయన పేరే ఉండదు.

ఆసుపత్రి గదికి వెళ్ళాను. బడ్స్ పెట్టుకునే వెళ్ళాను. అప్ప మంచం పక్కన కూర్చుంటే మళ్ళీ మొహం తిప్పుకుంది. ఆమె ఎడమచెయ్యి తీసుకుని అరచేతిలో వేలితో రాశాను. ముందు గింజుకుంది. తర్వాత వేలు ఎటు పోతోందో పట్టించుకుంది. మేస్త్రి వింటున్నాడు, అని రాశాను. నా చెవి వేలితో చూపించాను. నీ మాటలో ‘కు’ తెగిపోయింది, అని రాశాను.

అప్ప చాలాసేపు నా మొహంలోకి చూసింది. పదునైన మనిషి. చక్రాల్లో ఏ పన్ను అరిగిందో శబ్దం వినకుండా చేత్తో తడిమి చెప్పేది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు.

నేను పైకి అన్నాను. “అప్పా, ఆవేళ నీ ఫోను ఏటయినాది?”

ఆమె ఫోన్ దిండు కింద ఉంది. దాన్ని ఒకసారి తడిమి చూసుకుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అంది. “నా ఫోనా? పైన గూట్లోనే పడిపోనాది. సక్రం కింద సందులోకి ఎల్లిపోనాది.”

“దాంట్లో మనం మాటాడుకున్నది రికార్డు అయిందా?”

“అవకేటి? నాను ఎప్పుడూ రికార్డు పెట్టే ఎక్కుతాను. ఎవుడెవుడు మద్దిలో దూరినాడో అంతా ఉంటాది.”

“అలగయితే పడవ మీద పెద్దాఫీసోళ్ళు వత్తారు కదా, ఆళ్ళ సేతే తీయిత్తాను. అంతదాకా ఎవులికీ సెప్పీకు.”

“నానెవులికి సెప్తానే, ఈ మంచం మీద పడుండి.”

నా చెవుల్లో సన్నగా చిటపటమంది. అప్ప నా వేలు గట్టిగా పట్టుకుంది. ప్రమాదం జరిగాక ఆమె నన్ను ముట్టుకోవడం ఇదే మొదలు.

నమోదు 8

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ కూర్మారావు ఏడో మర దగ్గరకు ఒక్కడే వచ్చాడు. నేను క్యాబిన్‌లోనే ఉన్నాను. అది నా కాపలా.

“ఏటే రత్నం, బువ్వ తిన్లేదా?”

“ఆకలి లేదు మేస్త్రిగారూ.”

“బ్రేకు గట్టిగా ఉందా? పైన ఓపాలి సూసి వత్తాను. పడవొచ్చేలోగా మర తిప్పాల. బోను పైకి పంపు, పిలిస్తే దింపు.”

“అలగే.”

మనుషుల్ని గూటిదాకా మోసే ఇనపబోనులో పైకి వెళ్ళాడు. గూట్లో తలుపు తెరుచుకున్నట్టు క్యాబిన్‌లో దీపం వెలిగింది. నేను బోనును కిందికి దింపేసి దాని తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాను. తర్వాత తుఫాను హెచ్చరికలకు వాడే మీట నొక్కాను. అది నొక్కితే క్యాబిన్‌లోకి వచ్చే మాట తిప్ప మీద ఉన్న అందరి చెవుల్లోనూ పడుతుంది. మాట్లాడేవాడికి మాత్రం తన మాట తిరిగి వినిపించదు. ఆయనకు తెలిసే దారి లేదు.

కాసేపటికి పిలిచాడు.

“రత్నం, బోను పంపు. ఇక్కడేటీ నేదు.”

“ఏటన్నారు మేస్త్రిగారూ? మాట తెగిపోతంది.”

“బోను! బోను పంపే!”

“ముక్కలు ముక్కలుగా వినబడతంది. మీ ఫోను ఎన్ని చెవులకి కట్టి ఉందో, అందుకే తెగతంది. ఒక్కోటీ ఇప్పండి.”

గాలి ఊళ వేయడం మాత్రం వినిపించింది. మధ్యాహ్నం గాలి లేచే వేళ అది. ఏడో మర రెక్కలు బ్రేకు మీద ముక్కుతున్నాయి. గూట్లో నిలబడ్డవాడికి ఆ ముక్కుడు అరికాళ్ళలోకి వస్తుంది.

“ఏటే నువ్వు మాటాడతన్నది?”

“బ్రేకు మీద సెయ్యేసుకుని మాటాడతన్నాను మేస్త్రిగారూ. నాకు ఇనబడకపోతే ఏం సేత్తానో మీకు తెల్సు. గుబిలి మడిసిని కదా. పేరు సెప్పి ఇప్పండి. అప్పుడు మీ మాట బాగా ఇనిపిత్తాది.”

ఆయన బూతులు తిట్టాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత నేను బ్రేకు కొంచెం సడలించాను.

ఇది దాచను. రెక్కలు ఒక మూరెడు కదిలాయి. ఆ చక్రాలు ఆయన పక్కనే కదిలాయి. ఆయన అరిచిన అరుపు నా చెవుల్లో నిండుగా, ఒక్క ముక్క తెగకుండా మోగింది. నాకు హాయిగా అనిపించింది. వెంటనే బ్రేకు బిగించాను.

“సెప్తాను, సెప్తానే తల్లీ! నీలవేణిది ఇప్పేసినాను. సింహాచలమ్మది ఇప్పేసినాను. అసిరమ్మది…”

ఒక్కో పేరు చెబుతుంటే ఒక్కో మనిషి భోజనశాలలో ముద్ద ఆపి తల ఎత్తిందని తర్వాత సూరప్పడు చెప్పాడు. మొగవాళ్ళ పేర్లు కూడా వచ్చాయి. చివర్లో నా పేరు వచ్చింది. అది విప్పగానే నా చెవుల్లో అప్పటిదాకా ఉన్న చిటపట ఆగిపోయింది. ఆయన మాట నీళ్ళలో గులకరాయిలా స్పష్టంగా వచ్చింది.

“ఇప్పుడు బాగుంది మేస్త్రిగారూ. ఒక్క మాట. ఆవేళ బంగారమ్మప్ప నాతో ఏటన్నాది?”

“నాకేటి తెల్సు?”

బ్రేకు కీచుమంది. నేను కదిలించలేదు, గాలికే కీచుమంది. ఆయనకు ఆ తేడా తెలియదు.

“వదిలీకు అన్నాది! వదిలీకు అన్నాది! నాకు ఇనిపించినాది!”

“నాకు ఇనబడలేదు. మళ్ళీ సెప్పండి.”

“బ్రేకు వదిలీకు అన్నాది. నాను ఇంటన్నాను. మీరు పని మానీడం గురించి మాటాడతారని ఇంటన్నాను. నీకు తెగిపోనాదని నాకు తెల్దు, తర్వాతే తెల్సినాది…”

“తెల్సినాక విచారణలో ఏటన్నారు?”

ఆయన ఏడుస్తున్నాడు. “గుబిలని సెప్పీసినాను.”

నా చెయ్యి బ్రేకు మీదే ఉంది. వదిలితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చక్రం ఒకసారి గట్టిగా తిరిగి ఆగుతుంది. ఇనుముకు అడ్డంపడింది ఎముకా, ఉప్పా అన్నది పట్టదు. వదలాలని ఎంత ఉందంటే భుజం దాకా నొప్పి పుట్టింది.

భోజనశాల నుంచి జనం పరుగెత్తుకొస్తున్నారు. అందరికంటే ముందు నీలవేణి ఉంది, ఎంగిలి చేత్తోనే. విచారణ రోజు నవ్వినవాళ్ళలో ఆమె ఒకతె. క్యాబిన్ అద్దం దగ్గరకు వచ్చి నిలబడి, నా వైపు చూసి చేతులు జోడించింది. దేనికో అడగలేదు. నేను బోను పైకి పంపాను.

నమోదు 9

కూర్మారావును సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. అతని ఫోన్ జనమే లాక్కున్నారు. పెద్దాఫీసు వాళ్ళకు కబురు వెళ్ళింది. పడవలో వస్తారు, అదే పడవలో అతన్ని తీసుకుపోతారు. నా మీద ముద్ర లేదు. బ్రేకు పని తిరిగి ఇస్తామన్నారు. చేస్తానని ఇంకా చెప్పలేదు.

ఆసుపత్రి గదికి వెళ్ళి అప్పకు మొత్తం చెప్పాను. ఆమె మంచం మీద నుంచే అంతా విన్నది, అయినా మళ్ళీ చెప్పించుకుంది. రెక్కలు మూరెడు కదిలిన చోట ఆపి, “ఎలగరిసినాడే?” అని అడిగింది. చెప్పాను. తల ఊపింది.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. సంతోషించలేదు.

“నువ్వు నీ పగ తీర్సుకున్నావు గుంటా. బాగానే తీర్సుకున్నావు. నీ మీద పడ్డ మాట ఆడి నోటితోనే కక్కించినావు.” కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూసుకుంది. “ఇది నాది. దీనికి నువ్వేటి సేత్తావు?”

నేను దిండు సరిచేయబోతే నా చెయ్యి పక్కకు తోసింది.

“నన్ను లేపు. పడవొచ్చినప్పుడు రేవుకి తీసుకెల్లు.”

నమోదు 10

పడవ వచ్చింది. గాలి బాగా ఉంది. మరలన్నీ తిరుగుతున్నాయి. రేవు పలకలు కాళ్ళ కింద అదురుతున్నాయి.

కూర్మారావు తన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. వెళ్ళేలోగా బంగారమ్మతో ఒక్కసారి మాట్లాడతానని పొద్దుట్నుంచీ కాళ్ళావేళ్ళా పడుతున్నాడట. సూరప్పడు మనసు ఆగక తన ఫోన్, బడ్స్ అతనికి ఇచ్చి అప్ప ఫోన్‌కు కలిపాడు.

నేను అప్పను నడిపించుకుంటూ తీసుకొచ్చాను. ఎవరో తాడుచుట్ట తెచ్చి అతని ఎదురుగా వేస్తే దాని మీద కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళూ దాదాపు తగులుతున్నాయి. కూర్మారావు రెండు చేతులూ జోడించి నోరు తెరిచాడు.

అప్ప ఎడమచెయ్యి ఎత్తి కుడిచెవిలో బడ్ తీసింది. తర్వాత ఎడమచెవిలోది తీసింది. రెండూ ఒళ్ళో పెట్టుకుని, చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

అతను ముందు అర్థం చేసుకోలేదు. మాట్లాడుతున్నాడు. తర్వాత అర్థమైంది. పెట్టుకోమని సైగ చేశాడు, తన చెవులు చూపించాడు, ఆమె ఒళ్ళో ఉన్న బడ్స్ చూపించాడు. ఆమె కళ్ళు తిప్పలేదు. అరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. మరల హోరులో ఆ అరుపు వాన చినుకంత కూడా లేదు. ఏడ్చాడు. ముందుకు వంగి కాళ్ళు పట్టుకోబోతే అప్ప పాదాలు వెనక్కి లాక్కుంది. చూడ్డం మాత్రం మానలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ ఒక్క మాట వినబడలేదు. వినాలనీ అనిపించలేదు.

పెద్దాఫీసు మనుషులు వచ్చి అతని రెక్కలు పట్టుకుని లేవదీశారు. పడవ ఎక్కేదాకా మెడ వెనక్కి తిప్పి మాట్లాడుతూనే ఉన్నాడు. పడవ కదిలాక కూడా అతని నోరు ఆడుతూనే ఉంది.

అప్ప లేచింది. చీర దులుపుకుని వంటశాల వైపు నడిచింది.